పాముకీ పురిటి కష్టాలుంటాయి!

పాములకు పురుడు పోస్తుంటానని చెబితే మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. 'అంత చదువు చదివి, అంత దూరం వెళ్లింది ఇందుకా!' అని మా మేనత్త మొహమ్మీదే అనేసింది. నేను పశువుల డాక్టర్ని. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివి, అమెరికా వచ్చాక లైసెన్సు కోసం పరీక్షలన్నీ మళ్లీ రాసి, టెక్సస్‌లో ప్రాక్టీసు చేస్తున్నాను. నేను పనిచేసే చోటుకి కుక్కలూ పిల్లులూ రావు. కుందేళ్లు, చిలకలు, తాబేళ్లు, బల్లులు, పాములు వస్తాయి. వసంతం వచ్చిందంటే చాలు, గుడ్లు అడ్డుపడ్డ పాములు వరస కడతాయి.

మా నాన్న గుడివాడ దగ్గర పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా చేసేవారు. అర్ధరాత్రి ఎవరో వచ్చి తలుపు కొట్టేవారు. 'గేదె ఈనలేకపోతోందండీ, దూడ అడ్డం తిరిగినట్టుంది' అని. నాన్న లుంగీ ఎగ్గట్టి, టార్చిలైటు పట్టుకుని బయల్దేరేవారు. ఒక్కోసారి నేనూ వెంట వెళ్లేదాన్ని. గేదె కష్టం వీధి చివరి నుంచే తెలిసిపోయేది. అరుస్తుంది, లేస్తుంది, పడుకుంటుంది, కాళ్లు కొట్టుకుంటుంది. ఆ గోల విని చుట్టుపక్కల వాళ్లంతా పాక దగ్గరే ఉండేవారు.

పాము అలా కాదు. దానికి అరుపు లేదు. రెప్పల్లేని కళ్లు, మొహంలో ఏ మార్పూ ఉండదు. హాయిగా ఉన్నప్పుడూ ఓ మూల చుట్ట చుట్టుకుని పడుకుంటుంది, ప్రాణం మీదికి వచ్చినప్పుడూ అలాగే పడుకుంటుంది. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నాకు అర్థమైంది ఒకటే. పాము తన కష్టాన్ని నోటితో చెప్పదు, తారీఖులతో చెబుతుంది. ఆ తారీఖులు రాసుకున్నవాళ్ల పాములు ఎక్కువగా బతుకుతాయి.

ముందు, సవ్యంగా జరిగితే ఎలా ఉంటుంది?

పాములన్నీ గుడ్లు పెట్టవు. మన రక్తపింజర నేరుగా పిల్లల్నే కంటుంది. నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు, కొండచిలువ గుడ్లు పెడతాయి. అమెరికాలో ఇళ్లలో ఎక్కువగా పెంచే బాల్ పైథాన్ కూడా గుడ్లు పెట్టేదే. ఇది ఆఫ్రికా పాము, విషం ఉండదు. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. ఒక కాన్పులో మూడు నుంచి పదకొండు దాకా గుడ్లు పెడుతుంది. కోడిగుడ్డు కంటే పెద్దవి, పెంకు మాత్రం గట్టిగా ఉండదు. మెత్తటి తోలులా ఉంటుంది.

చూలు నిలిచే ముందు పాము నడుం దగ్గర, ఏదో పెద్ద ఎలుకను మింగినట్టు ఒకటి రెండు రోజులు ఉబ్బుతుంది. తర్వాత కొన్ని వారాలకు కుబుసం విడుస్తుంది. గుడ్లకు ముందు వచ్చే ఈ కుబుసం చాలా ముఖ్యం. అక్కడి నుంచి సుమారు 30 రోజులకు గుడ్లు పెడుతుంది. కొన్ని పాములు కాస్త ముందూ వెనకా అవుతాయి. ఈ రోజుల్లో తిండి మానేస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. పెట్టడం మొదలుపెట్టాక మాత్రం మామూలుగా ఒక్క రాత్రిలో, మహా అయితే ఒక రోజులో అన్నీ పెట్టేసి వాటి చుట్టూ చుట్టుకుని కూర్చుంటుంది.

ఈ లెక్క తప్పినప్పుడే మా దగ్గరికి రావాలి.

బెల్లం కథ

ఓ శనివారం పొద్దున ఒక తెలుగు కుటుంబం వచ్చింది. తండ్రి, పదహారేళ్ల కొడుకు, గుంటూరు నుంచి చుట్టపు చూపుగా వచ్చిన నాయనమ్మ. అబ్బాయి చేతిలో ప్లాస్టిక్ డబ్బా, అందులో మూతి కట్టిన దిండు గలీబు, గలీబులో పాము. పేరు బెల్లం. ఒంటి రంగు చూసి పెద్దావిడే ఆ పేరు పెట్టిందట.

"నాలుగు గుడ్లు పెట్టి ఆగిపోయిందండీ. ఇంకో రెండు లోపలే ఉన్నాయి" అన్నాడు అబ్బాయి.

"మగపామే లేదు కదా డాక్టర్ గారూ, గుడ్లెలా వచ్చాయి?" అన్నాడు తండ్రి. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. మగకోడి లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది కదా, పాము కూడా అంతే. చాలావరకు అవి పిల్లలు కాని ఒట్టి గుడ్లు. అరుదుగా మగతోడు లేకుండానే పిల్లలూ పుడతాయి. 2020లో సెయింట్ లూయిస్ జూలో 62 ఏళ్ల వయసుంటుందనుకునే బాల్ పైథాన్ ఒకటి, 15 ఏళ్లకు పైగా మగపాము మొహం చూడకుండానే ఏడు గుడ్లు పెట్టి అందర్నీ ఆశ్చర్యపరిచింది. కాబట్టి 'మాది ఒంటరి పాము, ఈ బాధ మాకు లేదు' అనుకోవడానికి లేదు. పైగా ఒట్టి గుడ్లు ఒక్కోసారి వంకర టింకరగా ఉండి దారిలో ఇరుక్కుంటాయి.

పెద్దావిడ అప్పటిదాకా దూరంగా కుర్చీలో కూర్చుని చూస్తోంది. నెమ్మదిగా అడిగింది. "పాముకి కూడా కాన్పు కష్టమవుతుందా తల్లీ?"

"అవుతుంది మామ్మగారూ."

"మరి అరవదేం?"

"అరవలేదు కాబట్టే మనం కనిపెట్టుకుని ఉండాలి."

అబ్బాయి బ్యాగులోంచి ఓ నోటు పుస్తకం తీశాడు. పేజీలకు గీతలు కొట్టి గళ్లు చేసుకున్నాడు. తారీఖు, బరువు, ఎలుక తిన్నదా లేదా, కుబుసం, డబ్బాలో వేడి ఎంత. కుబుసం విడిచిన 32వ రోజు తెల్లవారుజామున నాలుగు గుడ్లు. ఆ పక్కనే ఎర్ర ఇంకుతో 'ఇంకా 2 ఉన్నాయి' అని. తర్వాతి రోజు 'కదల్లేదు'. ఆ తర్వాతి రోజూ 'కదల్లేదు'. మూడో రోజు పొద్దున నా ముందున్నాడు. ఇంటర్నెట్‌లో ఎవరో పొట్ట మెల్లగా నొక్కి గుడ్లు బయటికి తోసేయమన్నారట. తండ్రి సరేనన్నాడట, వీడు మాత్రం చెయ్యి వేయనివ్వలేదట.

ఆ రెండు పనులూ, పుస్తకం రాయడమూ పొట్ట నొక్కకపోవడమూ, పాముకి సగం వైద్యం.

ఎందుకు అడ్డుపడుతుంది?

కారణాలు రెండు రకాలు. ఒకటి, దారిలో అడ్డం ఉండటం. గుడ్డు మరీ పెద్దదైనా, వంకరగా ఉన్నా, రెండు గుడ్లు అతుక్కుపోయినా, పేగులో మలం గట్టిపడి పక్కనుంచి నొక్కుతున్నా గుడ్డు కదలదు. రెండోది, దారి బాగానే ఉన్నా నెట్టే బలం లేకపోవడం. పెంపుడు పాముల్లో ఇది చాలా ఎక్కువ. చిన్న డబ్బాలో కదలకుండా ఏళ్ల తరబడి ఉన్న పాముకి కండబలం ఎక్కణ్నుంచి వస్తుంది? అతిగా తినిపిస్తే కొవ్వు పడుతుంది. ఒంట్లో నీరు తగ్గినా, వేడి చాలకపోయినా, గుడ్డు సంచికి చీము పట్టినా, గుడ్లు పెట్టడానికి నచ్చిన చోటు దొరక్కపోయినా పాము ఆపేస్తుంది.

నచ్చిన చోటు అంటే నవ్వకండి. అడవిలో బాల్ పైథాన్ ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో గుడ్లు పెడుతుంది. చీకటి, చెమ్మ, వెచ్చదనం మూడూ కావాలి దానికి. ఈ మాట చెప్పగానే పెద్దావిడ మొహం వెలిగిపోయింది. "అక్కడ కూడా పుట్టలేనా! నాగులచవితికి పుట్టలో గుడ్డు వేసి మొక్కేదాన్ని. ఇప్పుడు నా మనవడు పాము గుడ్డు కోసం ఆసుపత్రికి తీసుకొచ్చాడు, చూడు" అంది. ఆ గదిలో మొదటిసారి అందరం నవ్వాం.

ఏం చేశాం?

ముందు వేళ్లతో పొట్ట మీద తేలిగ్గా తడిమి చూశాను. విసర్జన ద్వారానికి పైన రెండు గడ్డలు. ఎక్స్‌రే తీశాం. పాము గుడ్డు పెంకులో సున్నం తక్కువ కాబట్టి, కోడిగుడ్డులా తెల్లగా స్పష్టంగా కనపడదు, నీడలా కనిపిస్తుంది. అందుకే అల్ట్రాసౌండ్ కూడా చేస్తాం. రక్తం తీసి కాల్షియం, మూత్రపిండాల పనితీరు చూశాం. తేలిందేమిటంటే, పైనున్న గుడ్డు మామూలుగానే ఉంది. ద్వారం దగ్గరున్నది మాత్రం ఒక పక్కకు ఉబ్బి, వంకాయలా ఉంది. అదీ అడ్డం. పాము ఒంట్లో నీరు కూడా తగ్గింది.

మనుషులకు ఇచ్చినట్టే నొప్పుల ఇంజెక్షను ఇచ్చేయొచ్చు కదా అంటారు. ఆక్సిటోసిన్ తాబేళ్లలో బాగానే పనిచేస్తుంది, పాముల్లో అంత నమ్మకం లేదు. పాముల ఒంట్లో సహజంగా పనిచేసే హార్మోను వేరు. పైగా దారిలో అడ్డం పెట్టుకుని నొప్పులు తెప్పిస్తే గుడ్డు సంచి చిరిగిపోతుంది. అడ్డం తిరిగిన దూడను లోపల సరిచేయకుండా గేదెకు ఇంజెక్షను ఇస్తామంటే మా నాన్న ఒప్పుకునేవారు కాదు. ఇక్కడా అంతే.

ముందు ఒంటికి నీరు ఎక్కించి, దానికి కావలసిన వేడిలో, చెమ్మగా ఉన్న చీకటి డబ్బాలో ఒక రాత్రి ఉంచాం. పాము శరీరానికి సొంత వేడి ఉండదు కదా. ఒళ్లు చల్లగా ఉంటే కండ పనిచేయదు, మందూ పనిచేయదు. కొన్ని పాములకు ఈ మాత్రం సరిపోతుంది, తెల్లారేసరికి గుడ్లు బయట ఉంటాయి. బెల్లానికి సరిపోలేదు.

తర్వాతి మెట్టు సూది. పాముకి మత్తు ఇచ్చి, పొట్ట పొలుసుల పక్క నుంచి సూది గుచ్చి, గుడ్డులోని సొన లాగేస్తాం. గాలి తీసిన బెలూన్‌లా గుడ్డు ముడుచుకుంటుంది, అప్పుడు జారడం తేలిక. ఇందులో ప్రమాదం ఉంది. సొన కడుపులోకి కారితే లోపలంతా వాస్తుంది. అందుకే ఇది ఇంట్లో చేసే పని కాదు. ఇంకో సంగతి, గుడ్డు లోపల ఆగిపోయిన కొద్దీ సొన గట్టిపడుతుంది. మొదటి రెండు మూడు రోజులు పాలలా ఉన్నది, తర్వాత జున్నులా అవుతుంది. జున్నును సూదితో లాగలేం. గుడ్డు కూడా సంచి గోడకు అతుక్కుంటుంది. ఆ తర్వాత మిగిలేది కోత ఒక్కటే.

ఖర్చు చెప్పేసరికి తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత తెలుగులో, గొంతు తగ్గించి అడిగాడు. "వంద డాలర్లు పెడితే ఇలాంటిది ఇంకోటి వస్తుంది కదండీ?"

ఆయన్ని నేను తప్పుపట్టలేదు. ఇలాంటి లెక్క మా నాన్న దగ్గరికి వచ్చిన రైతులూ వేసుకునేవారు. కానీ గేదె పాలిస్తుంది, ఇల్లు నడుపుతుంది, లెక్క ఎటు తిరిగినా గేదెకే కలిసొచ్చేది. పాము పాలివ్వదు, తోక ఊపదు, పేరు పెట్టి పిలిస్తే రాదు. ఏ లెక్కలోనూ అది గెలవదు. నేను జవాబు వెతుక్కుంటుంటే అబ్బాయే అన్నాడు.

"నాన్నా, అది తనంతట తను మనింటికి రాలేదు కదా. డబ్బాలో పెట్టింది నేను. వేడి నేను పెట్టిందే, నీళ్లు నేను పెట్టినవే. పుట్ట వెతుక్కోవడానికి కూడా వెళ్లలేదు."

తండ్రి కాగితం మీద సంతకం పెట్టాడు.

సొన ఇంకా పల్చగానే ఉంది. సూదితో చాలావరకు వచ్చేసింది. ముడుచుకున్న గుడ్డును, ద్వారం దగ్గర జారుడు మందు రాసి, మత్తులో ఉండగానే నెమ్మదిగా తీశాం. రెండోది దానంతట అదే, మర్నాడు తెల్లవారుజామున వచ్చింది. డ్యూటీలో ఉన్న నర్సు ఫోన్‌లో ఫొటో పంపితే మంచం మీద లేచి కూర్చుని చూసుకున్నాను. నెల తిరిగాక బెల్లం ఎలుకను తిన్నదని అబ్బాయి మెసేజ్ పెట్టాడు. తారీఖుతో సహా.

ఆలస్యమైతే...

అదే సీజన్లో ఇంకొకాయన తెచ్చిన పామును కాపాడలేకపోయాం. అది మూడు గుడ్లు పెట్టి ఆగిపోయి అప్పటికి రెండు వారాలు దాటింది. మధ్యలో ఆయన రెండుసార్లు పొట్ట నొక్కి చూశాడు. కోత పెట్టి చూస్తే గుడ్లు రాళ్లలా ఉన్నాయి, సంచి చిరిగి సొన కడుపంతా పాకింది. మర్నాడు పోయింది. ఆయన నిర్లక్ష్యం చేశాడని నేననను. దాన్ని పదకొండేళ్లు పెంచాడు. "ఎప్పట్లాగే పడుకుంది కదా, విశ్రాంతి తీసుకుంటోంది అనుకున్నాను" అన్నాడు ఏడుస్తూ. ఆ మాటే నన్ను వెంటాడుతుంది. ఎప్పట్లాగే పడుకుంది! కన్ను చూసేది అంతే. మూడు గుడ్లు పెట్టి ఆగిన రోజు ఏదో ఆయన దగ్గర రాసి ఉంటే, ఆ 'ఎప్పట్లాగే' అన్నమాట అంత తేలిగ్గా వచ్చేది కాదు.

ఎప్పుడు పరుగెత్తాలి?

ఇక్కడున్న మన పిల్లలు చాలామంది పాముల్ని పెంచుతున్నారు. అమ్మానాన్నలకు ఇష్టం లేకపోయినా ఇల్లు ఒకటే కాబట్టి, ఈ నాలుగు ముక్కలూ తెలిసుంటే మంచిది.

కొన్ని గుడ్లు పెట్టి మిగతావి 48 గంటలైనా రాకపోతే ఆగొద్దు. గుడ్లేమీ రాకుండా పదేపదే ముక్కుతున్నా, తోక ఎత్తి మెలికలు తిరుగుతున్నా ఆ రోజే చూపించాలి. గుడ్లకు ముందు కుబుసం విడిచి నెలన్నర దాటినా గుడ్లు రాకపోతే ఫోను చేయాలి. విసర్జన ద్వారం నుంచి ఎర్రటి కండ బయటికి వస్తే అది అత్యవసరం. శుభ్రమైన తడిగుడ్డ కప్పి, ఆరిపోకుండా చూస్తూ తీసుకురావాలి, లోపలికి నెట్టకూడదు. దుర్వాసనతో స్రావం వచ్చినా, చేతిలోకి తీసుకుంటే తాడులా వేలాడిపోయినా ఒక్క పూట కూడా ఆగకూడదు.

నొక్కడం, లాగడం, ఇంట్లో ఉన్న మందులేవో వేయడం వద్దే వద్దు.

రాకుండా చూసుకోవడం ఇంకా తేలిక. బాల్ పైథాన్ అయితే డబ్బాలో ఒక పక్క 31 నుంచి 33 డిగ్రీల వేడి, ఇంకో పక్క దానికంటే చల్లగా ఉండాలి. ఎటు కావాలంటే అటు జరుగుతుంది. ఎప్పుడూ నీళ్లుండాలి. చూలుతో ఉందని తెలియగానే తడి నాచు పరిచిన, మూతకి కన్నం ఉన్న చిన్న డబ్బా లోపల పెట్టాలి. అదే దాని పురిటి గది. మరీ బక్కగానూ వద్దు, కొవ్వెక్కేలా మేపడమూ వద్దు. కదలడానికి చోటివ్వాలి. గుడ్ల రోజుల్లో చుట్టాలకు చూపించడానికి బయటికి తీయకూడదు. పెంచేవాళ్లకు పిల్లలు అక్కర్లేకపోతే, మళ్లీ మళ్లీ అడ్డుపడే పాముకి అండాశయాలు తీసేసే ఆపరేషనూ ఉంది.

మన దేశంలో ఉన్నవాళ్లకు ఒక మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన పాముల్ని ఇంట్లో పెంచడం నేరం. దొడ్లో పామో, పాము గుడ్లో కనిపిస్తే అటవీ శాఖకు చెప్పండి. చూలు పాముని పట్టుకున్నవాళ్లు రోజుల తరబడి సంచిలో ఉంచకుండా, త్వరగా అధికారుల చేతికి అప్పగించడం దానికి చేసే పెద్ద ఉపకారం. బెదిరిన పాము గుడ్లు బిగబట్టేస్తుంది.

ఇంట్లో పాము ఉంటే మాత్రం ఇవాళే ఓ నోటు పుస్తకం కొనండి. కంప్యూటర్లో రాసినా ఫర్వాలేదు కానీ, డబ్బా పక్కనే వేలాడే పుస్తకమైతే ఇంట్లో ఎవరైనా రాస్తారు. మొదటి గడిలో తారీఖు, రెండో గడిలో బరువు, మూడో గడిలో తిండి, నాలుగో గడిలో కుబుసం. వారానికి రెండు నిమిషాల పని. మా దగ్గరికి వచ్చినప్పుడు పాముతో పాటు ఆ పుస్తకం కూడా తీసుకురండి. నేను ముందు చూసేది దాన్నే.